పాత కారుకు కొత్త బుష్: ఎక్కనని మొండికేస్తే కారణం ఎక్కడ వెతకాలి?

గతుకుల రోడ్డు మీద కారు ముందు భాగం నుంచి టకటక చప్పుడు, బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగడం, టైర్లు లోపలి అంచున ముందుగా అరిగిపోవడం. పాత కార్లలో ఈ లక్షణాలు కలిసి కనిపిస్తే అనుమానం మొదట సస్పెన్షన్ బుష్‌ల మీదికే వెళ్తుంది. బుష్ గుప్పిట్లో పట్టే వస్తువు. ఉక్కు గొట్టాల మధ్య రబ్బరు తప్ప అందులో మరేమీ ఉండదు. అయినా దాన్ని మార్చే పని చాలాసార్లు పూటలో తెమలాల్సింది రోజుల తరబడి సాగుతుంది. పాతది ఊడి రాదు, కొత్తది సగం ఎక్కి ఆగిపోతుంది, సుత్తి దెబ్బలకు అంచు మడత పడుతుంది. ఆ తర్వాత దుకాణం వాడు ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే భాగం, బుష్ కూర్చునేది ఇందులోనే) వంగి ఉందంటాడు, మెకానిక్ బుష్ నకిలీదంటాడు, యజమానికి ఎవరి మాట నమ్మాలో తెలియదు.

క్లుప్తంగా చెప్పాలంటే విషయం ఇది. బుష్ ఎక్కకపోవడానికి కారణాలు కొన్నే, వాటిలో ఎక్కువ భాగం వెర్నియర్ కాలిపర్‌తో (వ్యాసాలను సూక్ష్మంగా కొలిచే పరికరం) కొలిచి తేల్చగలిగినవే. బుష్ కొలత, హౌసింగ్‌లోని (ఆర్మ్‌లో బుష్ కూర్చునే రంధ్రం) తుప్పు లేదా పెయింటు, రంధ్రం గుండ్రదనం, నెట్టే దిశ: ఈ నాలుగింటినీ చూడకుండా బలం పెంచితే అసలు లోపం కనబడకుండా పోతుంది, ఆర్మ్ పాడవుతుంది. బుష్ సవ్యంగా ఎక్కాక కూడా, చక్రం గాలిలో వేలాడుతుండగా బోల్టు బిగిస్తే రబ్బరు త్వరగా చిరుగుతుంది.

పాత కార్లు, మార్కెట్ పార్టులు

మన దేశంలో సొంత వాడకపు కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీ చేయించుకుని ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో ఈ పొడిగింపు రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. ఢిల్లీ పరిసరాల్లో 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాల మీద వచ్చినటువంటి ఆంక్షలు తెలుగు రాష్ట్రాల్లో లేవు. అందుకే ఇక్కడి చిన్న పట్టణాల్లో మారుతీ 800లు, జెన్‌లు, పాత ఆల్టోలు ఇంకా రోజువారీ పనుల్లో ఉన్నాయి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. అంబాసిడర్ కూడా 2014లోనే ఆగిపోయింది.

తయారీ ఆగిన కారుకు కంపెనీ పార్టులు క్రమంగా తగ్గుతాయి. ఆ ఖాళీని విడిభాగాల తయారీదారులు నింపుతారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఒకే బుష్ నాలుగైదు పేర్లతో, నాలుగైదు ధరల్లో దొరకడం మామూలే. వీటిలో కంపెనీకి సరఫరా చేసే వారే బయటికి అమ్మేవి ఉంటాయి. నమూనా చూసి చేసినవీ ఉంటాయి. కవరు మీద కారు పేరు ఒకటే అయినా లోపలి వస్తువు కొలతలు ఒకటే అయి ఉండాలన్న హామీ లేదు.

బుష్ చేసే పని

కారు చక్రాన్ని బాడీకి కలిపే ఆర్మ్ పైకీ కిందికీ ఊగాలి. ముందుకూ వెనక్కూ, పక్కలకూ మాత్రం కదలకూడదు. కదిలినా కొద్దిపాటిగా, లెక్క ప్రకారం కదలాలి. తొలినాటి వాహనాల్లో ఈ కీలు దగ్గర ఇనుప పిన్నులు, కంచు బుష్‌లు వాడేవారు. వాటికి తరచూ గ్రీజు కొట్టకపోతే అరిగి మోత మోగేవి. రెండు ఉక్కు గొట్టాల మధ్య రబ్బరును అతికించిన బుష్‌లు వచ్చాక ఆ బాధ తప్పింది. ఇందులో ఏదీ దేనిమీదా జారదు. లోపలి గొట్టాన్ని బోల్టు బాడీకి కదలకుండా బిగిస్తుంది. బయటి గొట్టం ఆర్మ్ హౌసింగ్‌లో బిర్రుగా కూర్చుంటుంది. ఆర్మ్ ఊగినప్పుడు మధ్యలోని రబ్బరు మెలితిరుగుతుంది, వదిలితే మళ్లీ యథాస్థితికి వస్తుంది.

ఈ ఏర్పాటంతా నిలబడేది బయటి గొట్టం హౌసింగ్‌లో తిరగకుండా ఉండటం మీద. అందుకే దాన్ని రంధ్రం కన్నా కొంచెం పెద్దదిగా చేసి ఒత్తిడితో లోపలికి నెడతారు. బుష్ సులువుగా, చేత్తో నొక్కితే ఎక్కిపోయిందంటే సంతోషించాల్సిన పని లేదు. అది హౌసింగ్‌లో తిరుగుతుంది, ఇనుమును ఇనుము అరగదీస్తుంది. పది వేల కిలోమీటర్లు నడిచేలోపే రంధ్రం వదులై, ఆ తర్వాత ఏ బుష్ వేసినా నిలవని పరిస్థితి రావచ్చు. అంటే కొంత మొండితనం బుష్‌కు ఉండాల్సిందే. ఎంత ఉండాలన్నదే ప్రశ్న.

బిగుతు లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. బుష్ బయటి వ్యాసం 30 మి.మీ., పొడవు 40 మి.మీ. బయటి గొట్టం మందం ఒకటిన్నర మి.మీ., ఆర్మ్ హౌసింగ్ గోడ మందం 3 మి.మీ. బుష్ వ్యాసం రంధ్రం కన్నా 0.1 మి.మీ. ఎక్కువ. ఈ తేడానే ఇక్కడ బిగుతు అంటున్నాం. ఈ కొలతలతో లెక్క కడితే, శుభ్రంగా, కొద్దిగా జారుడుగా ఉన్న లోహాల మధ్య బుష్‌ను చివరిదాకా నెట్టడానికి సుమారు 2 నుంచి 2.5 టన్నుల బలం కావాలి.

ఇప్పుడు ఆ 0.1 మి.మీ. తేడా 0.2 అయిందనుకుందాం. కావలసిన బలం కూడా ఇంచుమించు రెట్టింపవుతుంది. లోహాలు తుప్పు పట్టి గరుకుగా ఉంటే రాపిడి ఒక్కటే మరో రెట్టింపు చేయగలదు. అంటే కంటికి తేడా తెలియని రెండు బుష్‌లలో ఒకటి 2 టన్నులకు ఎక్కుతుంది, రెండోది 8 టన్నులకు కూడా మొరాయిస్తుంది. మొండి బుష్ కథలన్నింటి వెనక ఉన్న లెక్క ఇదే.

పరికరాల సంగతి కూడా ఈ అంకెల దగ్గరే తేలుతుంది. లేత్ షాపుల్లో కనిపించే హైడ్రాలిక్ ప్రెస్సుకు ఈ బలం ఒక లెక్క కాదు. ప్రెస్సు లేనివారు పొడవాటి మర రాడ్డుకు రెండు వైపులా నట్లు వేసి, మధ్యలో సాకెట్లు పెట్టి బుష్‌ను లోపలికి లాగుతారు. పద్ధతి మంచిదే. కానీ హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మామూలు 12 మి.మీ. రాడ్డు 2 నుంచి 3 టన్నుల మధ్యే సాగడం మొదలుపెడుతుంది, అంటే ఉదాహరణలోని బుష్‌కు కావలసిన బలం దగ్గరే. అదే సైజులో 8.8 గ్రేడు (మరింత గట్టి ఉక్కు) రాడ్డు 5 టన్నులు దాటేదాకా తట్టుకుంటుంది. సగం దారిలో మరలు చెడిపోతే నింద సాధారణంగా బుష్ మీద పడుతుంది. చాలాసార్లు లోపం రాడ్డుది.

బయటి మార్కెట్ బుష్ ఎందుకు తేడా వస్తుంది

కారు తయారీదారు దగ్గర బుష్‌కు ఒక డ్రాయింగు ఉంటుంది. అందులో వ్యాసంతో పాటు అది ఎంతవరకు అటూ ఇటూ కావచ్చో కూడా రాసి ఉంటుంది. హౌసింగ్ రంధ్రానికీ అలాంటి హద్దే ఉంటుంది. రెండూ కలిసినప్పుడు బిగుతు ఒక పరిధిలోనే ఉండేలా చూస్తారు. నమూనా చూసి చేసేవారికి ఈ డ్రాయింగు ఉండదు. చేతిలో ఉన్న ఒక బుష్‌ను కొలుస్తారు. అది ఏళ్ల తరబడి హౌసింగ్‌లో నొక్కుకుని ఉండి, ఊడదీసేటప్పుడు దెబ్బలు తిన్నదైతే దాని వ్యాసం అసలు వ్యాసం కాదు. దానికి తోడు డై (ఆకారమిచ్చే అచ్చు) అరిగిన కొద్దీ వచ్చే తేడాను పట్టుకునే తనిఖీ అందరి దగ్గరా ఉండదు.

పూత కూడా కొలతను మారుస్తుంది. జింకు పూత సాధారణంగా 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే రెండు వైపులా కలిపి వ్యాసంలో 0.016 మి.మీ. మాత్రమే పెరుగుతుంది. నల్ల పెయింటు దట్టంగా పూసిన బుష్ అంతకన్నా చాలా ఎక్కువ పెరుగుతుంది. పెయింటు నెట్టేటప్పుడు చుట్టలు చుట్టలుగా ఊడి అంచు దగ్గర పేరుకుంటుంది, రాపిడిని పెంచుతుంది. నాణ్యమైన బుష్‌ల అంచు దగ్గర చిన్న వాలు, లేత్ భాషలో చాంఫర్, ఉంటుంది. అది బుష్‌ను రంధ్రంలోకి నిటారుగా నడిపిస్తుంది. చవక రకాల్లో గొట్టాన్ని కోసిన అంచు కోసినట్టే ఉంటుంది. ఆ పదునైన అంచు హౌసింగ్ గోడను చెక్కుకుంటూ వెళ్తుంది. సగంలో ఆగిపోయిన బుష్‌ను వెనక్కి తీసి చూస్తే గోడ మీద నిలువు గీతలు, అడుగున చిన్న లోహపు పొట్టు కనిపిస్తే కారణం అదే.

ఒక విషయం మాత్రం విడిగా చెప్పుకోవాలి. మార్కెట్ బుష్ అంటే నాసిరకం అని అర్థం కాదు. కారు కంపెనీలకు రబ్బరు భాగాలు సరఫరా చేసే సంస్థలు తమ పేరుతో అమ్మే బుష్‌లు చాలా కార్లకు దొరుకుతాయి. తేడా పేరులో కన్నా కొలతలో, అంచులో, రబ్బరు అతుకులో వెతకాలి. లోపలి గొట్టం చుట్టూ రబ్బరును గోటితో తీసి చూస్తే విడిపోతున్న బుష్‌ను కొన్నచోటే తిరిగి ఇచ్చేయడం మేలు.

అడ్డు హౌసింగ్‌లోనే ఉంటే

కొత్త బుష్‌ను అనుమానించినంతగా పాత రంధ్రాన్ని ఎవరూ అనుమానించరు. నిజానికి పాత కార్లలో సగం తగాదా అక్కడే ఉంటుంది.

మొదటిది తుప్పు. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం అసలు లోహం కన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. పాత బుష్ బయటి గొట్టానికీ హౌసింగ్‌కూ మధ్య చేరిన తుప్పు రెండింటినీ వెల్డింగు చేసినంత గట్టిగా పట్టేస్తుంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే దేశాల్లో ఈ సమస్య తీవ్రం. అక్కడ పది పన్నెండేళ్ల కారుకే బోల్టులు కోయాల్సి వస్తుంది. మన దగ్గర విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలి అదే పని నెమ్మదిగా చేస్తుంది. లోతట్టు జిల్లాల కార్లలో తుప్పు తక్కువగా ఉన్నా, ఎండ వేడి, గాలిలోని ఓజోను కలిసి రబ్బరును ముందే ఎండగట్టి పగుళ్లు తెప్పిస్తాయి. అందుకే ఒకే మోడలు కారు తీరంలో బోల్టు ఊడక ఇబ్బంది పెడితే, రాయలసీమలోనో తెలంగాణలోనో బోల్టు సులువుగా వచ్చి, రబ్బరు మాత్రం ముక్కలుగా రాలడం చూడవచ్చు.

రెండోది పౌడర్ కోటింగ్, అంటే పొడిని చల్లి వేడితో కరిగించి వేసే రంగు పూత. పాత కారును శ్రద్ధగా బాగు చేయించుకునేవారు ఆర్మ్‌లను శుభ్రం చేయించి పౌడర్ కోటింగ్ వేయిస్తున్నారు. చూడటానికి కొత్తవాటిలా ఉంటాయి. ఆ పూత మందం సాధారణంగా 60 నుంచి 100 మైక్రాన్లు. రంధ్రం లోపల కూడా పడితే రెండు వైపులా కలిపి వ్యాసం 0.12 నుంచి 0.2 మి.మీ. తగ్గుతుంది. పైన చెప్పిన ఉదాహరణలో 0.1గా ఉండాల్సిన బిగుతు ఇప్పుడు 0.22 నుంచి 0.3 దాకా వెళ్లిపోయింది. బుష్ అసలైన కంపెనీదే అయినా ఎక్కదు. కోటింగుకు ఇచ్చేముందే రంధ్రాలకు బిరడాలు పెట్టమని చెప్పాలి. వేయించేసి ఉంటే ఎమరీ పేపరుతో ఆ పూతను లోహం కనిపించేదాకా తీసేయాలి. గ్రైండర్ రాయితో మాత్రం వద్దు, లోహం కూడా పోతుంది.

మూడోది రంధ్రం గుండ్రంగా లేకపోవడం. చిన్న కార్ల ఆర్మ్‌లు ఎక్కువగా రేకును నొక్కి చేసినవే. గతంలో ఎవరో పాత బుష్‌ను సుత్తితో కొట్టి తీసి ఉంటే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వెళ్లిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి కాలిపర్‌తో మూడు దిక్కుల్లో, రంధ్రం రెండు చివర్లలో కొలిస్తే చాలు. కొలతలు 0.1 మి.మీ. లోపు ఏకీభవించకపోతే అందులోకి బుష్ నెట్టడం వ్యర్థం. ఎక్కినా ఒక వైపు బిగుసుకుని, మరో వైపు వదులుగా ఉండిపోతుంది.

పాతది తీసేటప్పుడే పని చెడుతుంది

కొత్త బుష్ ఎక్కకపోవడానికి బీజం పాత బుష్ తీసే దగ్గర పడుతుంది. అందుకే ఈ దశను తొందరగా దాటేయకూడదు.

ముందుగా అడ్డొచ్చేది బోల్టు. అది లోపలి గొట్టంలో తుప్పుపట్టి అతుక్కుపోతే, స్పానరు తిప్పిన కొద్దీ బోల్టుతో పాటు గొట్టమూ తిరుగుతూ రబ్బరును మెలితిప్పుతుంది, బోల్టు మాత్రం బయటికి రాదు. తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి ఉంచితే కొన్ని వస్తాయి. రానప్పుడు బ్రాకెట్టుకూ బుష్‌కూ మధ్యనున్న సందులో బోల్టును కోసేయడమే దారి. బ్రాకెట్టు బాడీలో భాగం కాబట్టి అది తెగకుండా చూసుకోవాలి.

తర్వాత ఆర్మ్‌లోంచి బుష్‌ను బయటికి నెట్టాలి. లోపలి గొట్టం మీద నెడితే రబ్బరు చిరిగి గొట్టం ఒక్కటే బయట పడుతుంది, బయటి గొట్టం, అంటే తొడుగు, అక్కడే మిగిలిపోతుంది. నెట్టే సాకెట్టు అంచు బయటి తొడుగు మీదే ఆనాలి. అవతలి వైపు బుష్‌ను అందుకునే గొట్టం హౌసింగ్ అంచు మీద ఆని, లోపలి వ్యాసం బుష్ కన్నా ఒకటి రెండు మి.మీ. ఎక్కువ ఉండాలి. రేకు ఆర్మ్‌లో బుష్‌ను అటూ ఇటూ పట్టే రెండు రేకు చెవుల మధ్య ఖాళీ ఉంటే అక్కడ సరిగ్గా పట్టే ఇనుప ముక్క పెట్టాలి. అది లేకుండా ప్రెస్సు వేస్తే చెవులు లోపలికి ముడుచుకుపోతాయి.

తొడుగు ఒక్కటే మిగిలిపోతే హ్యాక్‌సా బ్లేడును రంధ్రంలోంచి దూర్చి, లోపలి నుంచి తొడుగును ఒకచోట నిలువునా కోస్తారు. హౌసింగ్ లోహాన్ని తాకడానికి కాస్త ముందే ఆపి, ఉలితో లోపలికి మడిస్తే బిగుతు పోయి ఊడివస్తుంది. ఓపిక కావాల్సిన పని. గ్యాస్ మంటతో రబ్బరును తగలబెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. పని త్వరగా అవుతుంది, నిజమే. ఆ పొగ ఊపిరితిత్తులకు హానికరం. ఎర్రగా కాలిన రేకు ఆర్మ్ తన బలాన్ని, ఆకారాన్ని కోల్పోవచ్చు. చక్రాన్ని పట్టి ఉంచే భాగం విషయంలో ఆ రిస్కు తీసుకోకూడదు.

వేడి, చలి, సబ్బునీళ్లు

బండి చక్రానికి ఇనుప పట్టా తొడిగేటప్పుడు కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి వ్యాకోచింపజేస్తాడు, చల్లారాక అది చక్రాన్ని బిగించేస్తుంది. బుష్‌ను ఫ్రిజ్‌లో పెట్టి, హౌసింగ్‌ను వేడి చేయమనే సలహా వెనక ఉన్న సూత్రం అదే. అయితే బుష్ దగ్గర వేడి పరిమితం కాబట్టి లాభమూ పరిమితమే. ఎంతో లెక్క కడదాం.

ఉక్కు ఒక్కో డిగ్రీకి తన కొలతలో పది లక్షలకు 12 వంతులు పెరుగుతుంది. 30 మి.మీ. రంధ్రాన్ని 100 డిగ్రీల మేర వేడి చేస్తే వ్యాసం 0.036 మి.మీ. పెరుగుతుంది. మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజరులో పెట్టిన బుష్ తొడుగు గది వేడి నుంచి 50 డిగ్రీలు చల్లబడితే 0.018 మి.మీ. తగ్గుతుంది. రెండూ కలిపి 0.054 మి.మీ. 0.1 మి.మీ. బిగుతులో ఇది సగానికి కాస్త ఎక్కువ. అంటే 2 టన్నుల పని 1 టన్నుతో అవుతుంది. ఒక్క ఫ్రీజరు మీదే ఆధారపడితే తగ్గేది అయిదో వంతు మాత్రమే. అల్యూమినియం ఆర్మ్ అయితే వ్యాకోచం ఉక్కుకు దాదాపు రెట్టింపు కాబట్టి వేడి బాగా పనిచేస్తుంది. సహజ రబ్బరు గాజులా పెళుసెక్కేది మైనస్ 70 డిగ్రీల ప్రాంతంలో కాబట్టి ఇంటి ఫ్రీజరు దానికి హాని చేయదు.

వేడి చేసేటప్పుడు ఆర్మ్ చివర బాల్ జాయింట్ (ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే గుండు కీలు) ఉందేమో చూసుకోవాలి. దాని రబ్బరు తొడుగు, లోపలి గ్రీజు మంటకు తట్టుకోవు. వేడిగాలి గన్ను చాలు, మంట అక్కరలేదు. వేడెక్కిన హౌసింగ్‌లోకి బుష్ ఎక్కుతుండగా సగంలో ఆగితే కొద్ది క్షణాల్లోనే రెండూ ఒకే వేడికి వచ్చేస్తాయి, లాభమంతా పోతుంది. కాబట్టి ప్రెస్సు, సాకెట్లు, కింద ఆనించే గొట్టం అన్నీ ముందే అమర్చుకున్నాకే వేడి మొదలుపెట్టాలి.

జారుడు పదార్థం విషయంలో ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. చేతికందిన ఇంజిన్ ఆయిలో, మామూలు గ్రీజో పూస్తారు. పెట్రోలియం నూనెలు సహజ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. బయటి తొడుగు లేకుండా నేరుగా రబ్బరే హౌసింగ్‌ను ఆనుకునే బుష్‌లలో ఇది మరీ ప్రమాదం. వాటికి సబ్బునీళ్లు చాలు. ఎక్కేటప్పుడు జారుతుంది, ఆరిపోయాక పట్టు వదలదు. అలాంటి బుష్ రెండు వైపులా సమానంగా బయటికి వచ్చి ఉండాలన్నది మరచిపోకూడదు. సహజ రబ్బరును పెద్దగా ఉబ్బించని నూనెల్లో ఆముదం ఒకటి. బ్రేకుల రబ్బరు భాగాలకు వాడే ఎర్ర గ్రీజును ఆముదంతో చేయడానికి కారణం అదే. సిలికాన్ గ్రీజు కూడా రబ్బరుకు పడుతుంది, కానీ అది ఆరిపోదు. బిగుతు మీదే నిలవాల్సిన తొడుగుకు అది దట్టంగా పూయడం మంచిది కాదు.

నెట్టేటప్పుడు చూడాల్సింది

బుష్ నిటారుగా మొదలైతే బలం క్రమంగా పెరుగుతూ పోవాలి. లోపలికి వెళ్లిన కొద్దీ ఆనుకునే గోడ పెరుగుతుంది కాబట్టి అది సహజం. ఒక్కసారిగా బలం ఎగబాకితే బుష్ వాలిందని అర్థం. అక్కడ హ్యాండిల్ ఇంకొంచెం తొక్కితే సరిపోతుందనిపిస్తుంది. ఆ క్షణంలోనే తొడుగు మడతపడుతుంది. ఆపి, వెనక్కి తీసి, గీతలను ఎమరీతో నున్నగా చేసి, చాంఫర్ లేకపోతే అంచును ఆకురాయితో చుట్టూ సమంగా రాకి మళ్లీ మొదలుపెట్టాలి. ఇది అదనంగా పావుగంట పని. మడతపడిన బుష్‌ను తీయడం దానికన్నా చాలా పెద్ద పని.

కొన్ని బుష్‌ల రబ్బరులో కావాలనే ఖాళీలు వదులుతారు. ఆ ఖాళీ ఉన్న దిశలో బుష్ మెత్తగా, దానికి అడ్డంగా గట్టిగా ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు చక్రం కొద్దిగా వెనక్కి జరగనిచ్చి, మలుపులో మాత్రం పక్కకు జరగనీయకుండా ఉండేందుకు ఆ ఏర్పాటు. దాన్ని 90 డిగ్రీలు తిప్పి ఎక్కిస్తే సరిగ్గా తలకిందులు పని చేస్తుంది. గుంతల్లో కుదుపు, మలుపుల్లో తూగు. పాత బుష్ తీయకముందే దాని ఖాళీ ఎటు చూస్తోందో ఆర్మ్ మీద గీత గీసుకోవడం, ఫోనులో ఒక ఫొటో తీసుకోవడం అందుకే.

పాలీయురేథేన్ సులువైన దారేనా

ప్రెస్సు లేకుండా చేత్తో ఎక్కించవచ్చన్న పేరుతో పాలీయురేథేన్ (రబ్బరు లాంటి గట్టి ప్లాస్టిక్) బుష్‌లు ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నాయి. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం రూపొందించిన రసాయన కుటుంబం ఇది. చాలావరకు ఇవి రెండు ముక్కలుగా వస్తాయి. అటొకటి ఇటొకటి నొక్కి, మధ్యలో ఉక్కు గొట్టం దూర్చితే అయిపోతుంది. ఇందులో రబ్బరులా మెలితిరగడం లేదు, గొట్టం చుట్టూ బుష్ జారుతూ తిరుగుతుంది. కాబట్టి ప్యాకెట్టుతో వచ్చే గ్రీజు తప్పనిసరి. అది ఎండితే కిర్రుకిర్రుమనే మోత మొదలవుతుంది.

సులువన్న మాట సగమే నిజం. కొన్ని కిట్లకు పాత బుష్ బయటి తొడుగు హౌసింగ్‌లోనే ఉంచాలి, కొన్నిటికి దాన్నీ తీసేయాలి. సూచన చదవకుండా కష్టపడి తొడుగు కోసి తీసేశాక కొత్త బుష్ లొడలొడలాడితే చేసేదేమీ ఉండదు. మధ్య గొట్టం బుష్ కన్నా కొద్దిగా పొడవుండాలి. లేకపోతే బోల్టు బిగించినప్పుడు బ్రాకెట్టు గొట్టాన్ని కాకుండా పాలీయురేథేన్‌నే నొక్కేసి, ఆర్మ్ ఊగకుండా బిగుసుకుపోతుంది.

గట్టిదనంలో తేడా ఇంకా ముఖ్యం. మామూలు బుష్ రబ్బరు షోర్ ఏ కొలమానంలో 50 నుంచి 65 మధ్య ఉంటే, ఇవి 80 నుంచి 95 దాకా ఉంటాయి. స్టీరింగు స్పందన చురుగ్గా మారుతుంది. రబ్బరు మింగేసే కుదుపు మాత్రం ఇప్పుడు బ్రాకెట్టుకు, బాల్ జాయింటుకు, పాత బాడీ రేకుకు చేరుతుంది. ముందు స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో కారు వాలకుండా చూసే కడ్డీ) సాయంతోనే లోయర్ ఆర్మ్ (కింది ఆర్మ్) ముందు వెనకల నిలబడే మారుతీ 800 తరహా అమరికలో, వెనుక లింకులతో పట్టి ఉంచిన దృఢమైన యాక్సిల్ ఉన్న కార్లలో, బుష్ ఒకే దిశలో తిరిగితే సరిపోదు, కొంత వాలడం కూడా అవసరం. అలాంటి చోట గట్టి పదార్థం వేస్తే కదలిక అడ్డుకుంటుంది. రోజూ గతుకుల మీద నడిచే ఇరవై ఏళ్ల కుటుంబ కారుకు మంచి రబ్బరు బుష్షే సరైన ఎంపిక. ట్రాకు మీద నడిపే కారుకు లెక్క వేరు.

చివరి బోల్టు ఎప్పుడు బిగించాలి

ఇంత కష్టపడి ఎక్కించిన బుష్ ఆరు నెలల్లో చిరిగిపోవడానికి అన్నింటికన్నా సాధారణ కారణం ఇదే. అయినా అతి తక్కువగా మాట్లాడుకునేదీ ఇదే.

కారు జాకీ మీద ఉన్నప్పుడు చక్రం కిందికి వేలాడుతుంది. ఆర్మ్ పొడవు 300 మి.మీ. అనుకుని, చక్రం మామూలు స్థాయి కన్నా 80 మి.మీ. కిందికి జారితే ఆర్మ్ సుమారు 15 డిగ్రీలు వాలినట్టు. ఆ స్థితిలో బోల్టు పూర్తిగా బిగిస్తే రబ్బరు దాన్నే తన మామూలు స్థితిగా తీసుకుంటుంది. కారు కిందికి దింపగానే బుష్ 15 డిగ్రీలు మెలితిరిగి, నిలబడి ఉన్నంతసేపూ అలాగే ఉంటుంది. గుంతలో చక్రం పైకి లేస్తే ఆ మెలిక ఇంకా పెరుగుతుంది. రబ్బరు అతుకు దగ్గర చిరుగు మొదలవుతుంది. కొన్నిసార్లు కారు ఒక వైపు కాస్త ఎత్తుగా నిలబడటానికి కూడా ఇదే కారణం.

సరైన పద్ధతికి పెద్ద ఖర్చు లేదు. పని మొదలుపెట్టే ముందు, కారు చదునైన నేల మీద ఉన్నప్పుడు చక్రం మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైనున్న బాడీ రేకు) అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకోవాలి. బుష్ ఎక్కించాక బోల్టును చేత్తో మాత్రమే బిగించి ఉంచాలి. తర్వాత కారును స్టాండ్ల మీద భద్రంగా నిలిపి, ఆర్మ్ కింద మరో జాకీ పెట్టి, రాసుకున్న ఎత్తు వచ్చేదాకా లేపి అప్పుడు పూర్తిగా బిగించాలి. గోతి గానీ, నాలుగు చక్రాల మీద కారును లేపే ర్యాంపు గానీ ఉన్న షాపులో ఇది ఇంకా సులువు. పాలీయురేథేన్ బుష్‌లలో రబ్బరు మెలిక లేదు కాబట్టి ఈ నియమం వాటికి అంతగా వర్తించదు.

బుష్ మాత్రమే మార్చాలా, ఆర్మ్ మొత్తం మార్చాలా

చాలా పాత కార్లకు బుష్‌లు, బాల్ జాయింట్ ముందే బిగించిన లోయర్ ఆర్మ్ మొత్తంగా దొరుకుతుంది. ప్రెస్సు ఖర్చు, లేత్ షాపు కూలి, పోయే రోజులు కలుపుకుంటే అది కొన్నిసార్లు చవకే. ముఖ్యంగా రంధ్రం గుండ్రదనం పోయినా, బాల్ జాయింట్ కూడా వదులైనా, చెవులు ముడుచుకున్నా పాత ఆర్మ్ మీద శ్రమ పెట్టడం దండగ. కానీ చవక ఆర్మ్‌లో రేకు మందం తగ్గించి ఉండవచ్చు. పాత ఆర్మ్ పక్కన పెట్టి, బోల్టు రంధ్రం నుంచి బాల్ జాయింట్ దాకా పొడవు, రేకు అంచు మందం, బరువు పోల్చుకుంటే తేడా బయటపడుతుంది. కొత్తది గమనించదగినంత తేలికగా ఉంటే, పాత గట్టి ఆర్మ్‌లో మంచి బుష్ వేయించుకోవడమే క్షేమం.

ఏ దారి ఎంచుకున్నా రెండు వైపులా కలిపి మార్చాలి. ఒక వైపు కొత్త రబ్బరు, మరో వైపు చిరిగిన రబ్బరు ఉంటే బ్రేకు వేసినప్పుడు రెండు చక్రాలు ఒకేలా స్పందించవు. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. రెండు మూడు వందల కిలోమీటర్లు నడిచాక బోల్టుల బిగువు, బుష్ అంచు హౌసింగ్‌తో ఎక్కడ కలిసి ఉందో ఒకసారి చూసుకోవాలి. ఎక్కించిన రోజే తొడుగు అంచు, హౌసింగ్ కలిసే చోట పెయింటు గీత ఒకటి పెట్టుకుంటే ఈ తనిఖీ నిమిషం పని. గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే బుష్ హౌసింగ్‌లో తిరుగుతోందన్నమాట. అప్పుడు మార్చాల్సింది బుష్ ఒక్కటే కాదు, ఆ ఆర్మ్ కూడా.